గౌరి పరుగెత్తలేదు

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. అన్నం తినేటప్పుడు ఉంది. పొలంలో మడవ కట్టేటప్పుడు ఉంది. మా మేనకోడలు గౌరి నన్ను చూసి 'మావయ్యా' అని నవ్వినప్పుడు మాత్రం అది కదిలేది. కదిలి ఇంకా లోపలికి దిగేది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషిననుకోండి, అది చాలు. కాస్త ఓపిగ్గా వినండి. నేను తిన్నగా చెప్పలేను. చెప్పబోతే ప్రతిసారీ నన్ను నేను కాపాడుకునే మాట ఒకటి ముందుకొచ్చి నిలబడుతుంది. దాన్ని పక్కకు నెట్టి చెప్పాలి.

అప్ప అంటే మా అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. నా తల దువ్విందీ, నన్ను బడికి తోలిందీ, నేను తప్పిన తరగతి గురించి నాన్న దగ్గర నా తరఫున మాట్లాడిందీ అప్పే. పక్క ఊరికే ఇచ్చారు. బావ చెన్నైలో తాపీ పని చేస్తాడు, పండక్కో పబ్బానికో వస్తాడు. అందుకని అప్ప కూతుర్ని తీసుకుని మా ఇంటికి తరచుగా వచ్చేది. ఆ కూతురే గౌరి. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ఆ పిల్లే నా లోకం అంటే మీరు ఎక్కువ చేసి చెబుతున్నానంటారేమో. కానీ అంతే. నా భుజమెక్కి ఊరంతా తిరిగేది. నా మీసం లాగేది. వాళ్ళ నాన్న ఫోన్ చేసి 'నానెవర్నే?' అంటే 'మావయ్య కాదు' అనేది.

ఆ రోజుల్లో మాకు కొంచెం చెరుకు ఉండేది. బెల్లం వండే రోజులంటే పిల్లలకు జాతరే. పొలంలోనే పాక, పాకలో పెద్ద పెనం, పెనం కింద చెరుకు పిప్పి మంట. రసం కాగి కాగి పాకమయ్యాక పిల్లలు మోదుగాకులు పట్టుకుని వస్తారు. ఆకులో గరిటెడు పాకం పోస్తే ఊదుకుంటూ, నాలుక కాల్చుకుంటూ నాకుతారు. మేమూ అలాగే తిన్నాం. మా నాన్నా అలాగే తిన్నాడు.

అది 2011లోనో, 12లోనో. గౌరి ఆ ఏడే ఒకటో తరగతిలో చేరింది. మధ్యాహ్నం. నాతో పెనం దగ్గర పని చేసే మనిషి పిప్పి తేవడానికి కళ్ళం వైపు వెళ్ళాడు. అప్ప మాకు అన్నం తేవడానికి ఇంటికి బయల్దేరుతూ గౌరిని నులక మంచం మీద కూర్చోబెట్టింది.

"ఒరే, గుంటని పెనం దగ్గరికి రానీకు. నానిప్పుడే వస్తాను" అంది.

"నాను సూసుకుంటానప్పా, నువ్వెళ్ళు" అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నాను ఆ మాట.

గౌరి మంచం మీద బుద్ధిగా కూర్చుని చెరుకు ముక్క నములుతోంది. నన్నే చూస్తోంది. పాకం చిక్కబడింది. గరిటె ఎత్తితే సన్నటి తీగలా జారుతోంది, ఎండ పడి ఆ తీగ మెరుస్తోంది. నాకు ముచ్చటేసింది. ఆ పిల్ల నవ్వుతుంటే చూడాలనిపించింది. ఇది మీకు చెబుతుంటే కూడా సాకులా వినిపిస్తోంది కదూ? కానీ అదే జరిగింది. ప్రేమతోనే పిలిచాను. ప్రేమతో పిలిచినంత మాత్రాన పాకం వేడి తగ్గుతుందా?

"గౌరమ్మా, తీగ సూస్తావేటి? ఇలా రా" అన్నాను.

ఆమె దారి వైపు చూసింది. "అమ్మ తిడతాది మావయ్యా."

"అమ్మకి సెప్పన్లే. బేగి రా."

వచ్చింది. ఆకు ఒకటి రెండు చేతులతో పట్టుకుని, కింద పిప్పి పుల్లలు గుచ్చుకోకుండా కాళ్ళు చూసుకుంటూ, నడుచుకుంటూ వచ్చింది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. నడుచుకుంటూ వచ్చింది.

నేను పొడుగు కాడ గరిటెను నిండుగా ముంచి ఆమె ఆకు మీదికి తీగ వదిలాను. పకపకా నవ్వింది. "ఇంకా పైకి" అంది. ఎత్తాను. "ఇంకా" అంది. నా తలకన్నా పైకి ఎత్తాను. ఆ తీగను అందుకుందామని ఆమె కుడి చెయ్యి చాపింది. అంత ఎత్తున గరిటె బరువుకు నా మణికట్టు ఒరిగింది. గరిటెలో ఉన్నదంతా ఒక్కసారి జారింది.

ఆకులో పడలేదు. చేతి మీద పడింది. చెయ్యి పైకెత్తి ఉంది కనక మణికట్టు నుంచి మోచేతి దాకా కారింది.

వేడినీళ్ళయితే పడి జారిపోతాయి. పాకం జారదు. అతుక్కుని ఇంకా కాలుస్తూనే ఉంటుంది. ఆ పిల్ల అరిచిన అరుపు గురించి నేను రాయను. రాయలేను.

పక్క మడిలో మోటారు నడుస్తోంది. ఆమెను ఎత్తుకుని అటు పరుగెత్తి ఆ చెయ్యి గొట్టం కింద పెట్టాను. తెలిసి చేసిన పని కాదు. మండుతుంటే నీళ్ళ దగ్గరికి వెళ్ళాను, అంతే. నీళ్ళు పోతూనే ఉన్నాయి, ఆమె ఏడుస్తూనే ఉంది, నేను ఆమెను గుండెకు అదుముకుని చెయ్యి మాత్రం నీళ్ళలోంచి తియ్యలేదు. అరుపులు విని చుట్టుపక్కల పొలాల వాళ్ళు వచ్చారు. ఒకావిడ ఇంటికి పరుగెత్తి పళ్ళ పేస్టు తెచ్చింది పూయమని. వద్దన్నాను. నీళ్ళ కింద నుంచి ఆ చెయ్యి తీస్తే ఏం చూడాల్సి వస్తుందోనని నా భయం. అంతకన్నా పెద్ద తెలివేం కాదు.

అప్పుడే అప్ప వచ్చింది. కారియరు గట్టు మీద పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏటయినాదిరా? నా గుంటకేటయినాది?"

"ఉరికొచ్చేసినాదప్పా" అన్నాను. "ఆపేలోపు గరిట లాగేసినాది."

ఆలోచించి అన్న మాట కాదు. నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. అది నాలో ఎప్పటినుంచి ఉంది? అప్ప దగ్గర తిట్లు పడతాయని చిన్నప్పుడు పగిలిన కుండను పిల్లి మీదికి తోసేవాణ్ణి. ఆ అలవాటేనా? అప్ప కళ్ళలో ఆ చూపు నా వైపు తిరగడం భరించలేక, పక్కనే ఏడుస్తున్న అయిదేళ్ళ పిల్ల వైపు తిప్పానా?

అతుక్కున్న పాకాన్ని గోటితో తియ్యబోయింది అప్ప. ముట్టుకోగానే పిల్ల మెలికలు తిరిగింది. వదిలేసింది. పిల్ల చలికి వణకడం మొదలెట్టాక, ఉతికిన పంచె ఒకటి వదులుగా కప్పి, బండి మీద టౌనుకు తీసుకెళ్ళాం. నేను నడిపాను. అప్ప వెనక కూర్చుని పిల్లను ఒడిలో పెట్టుకుంది. దారంతా అప్ప ఒకటే మాట. "సెప్పిన మాట ఇంటే ఏటి పోయిందే నీకు? ఎందుకురికినావే తల్లీ?" ఏడుస్తూనే అంటోంది, ముద్దు పెడుతూనే అంటోంది. నేను వింటూ బండి నడిపాను.

సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఉంది. ముందు పిల్ల చేతికున్న వెండి మురుగు కోయించింది. అప్పటికే చెయ్యి వాచి మురుగు లోపలికి దిగుతోంది. "కాలగానే ఇవి తీసెయ్యాలమ్మా, వాచాక రావు" అంది. నొప్పికి ఇంజెక్షను చేసి, సెలైను పెట్టి, గాయం చూసి అడిగింది. "నీళ్ళు పట్టిందెవరు?"

"మా తమ్ముడండి" అంది అప్ప.

"మంచి పని చేశావయ్యా. పేస్టో, సిరానో, పసుపో పూసి తెస్తారు. అదంతా కడగడానికి పిల్లలు మళ్ళీ నరకం పడాలి. నువ్వు నీళ్ళు పట్టబట్టి కొంత లోతుకు పోకుండా ఆగింది."

అప్ప నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. "గరిటె లాగిందంటున్నారు. మరి పైనుంచి కారినట్టుందే? చెయ్యి పైకి ఎందుకెత్తింది?"

ఆమెది అనుమానం కాకపోవచ్చు. ఎలా కాలిందో సరిగ్గా తెలిస్తే వైద్యం సరిగ్గా చెయ్యచ్చని అడిగి ఉంటుంది. నేను తడుముకోలేదు. "భయపడి ఎత్తేసినాదండీ" అన్నాను. గౌరి నా వైపే చూస్తోంది. మందు మత్తులో కళ్ళు సగం మూతలు పడుతున్నాయి. అయినా చూస్తోంది.

అంబులెన్సులో విశాఖ పంపారు. అక్కడ చాలా రోజులున్నాం. తొడ మీది చర్మం తీసి చేతికి వేశారు. కట్లు మార్చే పొద్దుటి వేళ వార్డులో పిల్లల ఏడుపు మొదలయ్యేది. గౌరి నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని కొరికేది, అరవకుండా ఉండాలని. ఎవరు చెప్పారు ఆమెకు అరవకూడదని?

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. పాకం పోయడం కాదు. అది పొరపాటు, దాన్నయితే నేను ఎప్పుడో ఒకరోజు చెప్పుకోగలిగేవాణ్ణేమో. ఇది అది కాదు.

ఒకరోజు సాయంత్రం అప్ప పాలు కాచుకురావడానికి వెళ్ళింది. నేను గౌరి మంచం పక్కన కూర్చుని కాలు నిమురుతున్నాను. నిద్రపోతోందనుకున్నాను. కళ్ళు తెరిచి మెల్లగా అడిగింది.

"మావయ్యా, నువ్వు పిలిసినావు కదా?"

నా చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడమ్మా?"

"పాకం కాడికి. తీగ సూస్తావేటని పిలిసినావు కదా?"

పక్క మంచం వాళ్ళు వింటున్నారేమోనని చూశాను. ఎవరూ వినడం లేదు. అవునమ్మా అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆ పిల్ల నన్నేమీ అనేది కాదు. నిజం ఏమిటో తెలుసుకోవడానికి అడిగింది, అంతే. అందరూ ఒకటి చెబుతున్నారు, తనకు ఇంకోటి గుర్తుంది.

"నేదమ్మా" అన్నాను. "నువ్వే ఉరికొచ్చినావు. నీకు జొరం కదా, గుర్తు నేదు."

ఆమె పైకప్పు వైపు చూసింది. ఆ చిన్న మొహంలో తన జ్ఞాపకాన్ని తను పక్కన పెట్టేసుకోవడం నేను చూశాను. తర్వాత ఎడమ చెయ్యి చాపి నా వేలు పట్టుకుని అంది.

"ఇంకెప్పుడూ ఉరకను మావయ్యా. ఒట్టు."

ఇదీ నేను చేసింది. ఒక పిల్ల చేతిలో ఉన్న నిజాన్ని లాక్కుని, నా తప్పు అక్కడ పెట్టాను. ఆమె దాన్ని భద్రంగా దాచుకుంది.

ఇంటికొచ్చాక వైద్యం ఆగలేదు. వేళ్ళు ముడుచుకుపోకుండా కసరత్తులు, బిగుతుగా ఉండే తొడుగు, కొబ్బరినూనె మర్దన, నెలనెలా విశాఖ. ప్రతిసారీ నేనే తీసుకెళ్ళాను. పాసింజరు బండిలో కిటికీ పక్క సీటు ఆమెది. గజపతినగరంలో జామకాయలు కొనాలి. కొత్తవలసలో బండి ఆగితే కిరండూలు నుంచి ఇనప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు కోసం చూడాలి. ఆ ఎర్ర దుమ్ము పట్టిన పెట్టెలు కనబడితే "అవి ఏటి తిన్నాయి మావయ్యా, మూతంతా పూసుకున్నాయి" అనేది. ఇంటి దగ్గర వేరుశనక్కాయలు పళ్ళెంలో పోసి ఒక్కొక్కటి కుడి చేత్తో ఏరమనేవాణ్ణి. నొప్పెడితే నా చేతికి ఒక గింజ, ఆమె చేతికి ఒక గింజ. చపాతీ పిండి ముద్ద చేసి పిసకమంటే దాంతో పిల్లిని చేసి నా నెత్తిన పెట్టేది. మెల్లగా ఆ చెయ్యి తెరుచుకుంది. మొదటిసారి రెండు చేతులతోనూ జడ అల్లుకున్నప్పుడు, పక్కింటి వాళ్ళందరికీ చూపించాకే విప్పింది.

అవన్నీ ప్రేమతోనే చేశానా? భయంతో చేశానా? ఎన్నోసార్లు తేల్చుకుందామని చూశాను. తేలలేదు. ఆ పిల్ల చెయ్యి నా చేతిలో ఉన్నప్పుడు ప్రేమే. అప్ప 'నువ్వు నేకపోతే ఏటయ్యేదో' అన్నప్పుడు భయం. బావ చెన్నై నుంచి ఫోన్ చేసి "నా గుంట నీవల్ల దక్కినాదిరా, నీ కాళ్ళు మొక్కినా తప్పు నేదు" అన్నప్పుడు ఫోన్ అప్పకిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. సిగ్గరి అనుకునేవాళ్ళు. ఊళ్ళో నా పేరు పిల్లను కాపాడిన మనిషి అయింది. ఆ మరుసటి ఏడు చెరుకు వెయ్యడం మానేశాను. గిట్టుబాటు లేదని చెప్పాను. అదీ అబద్ధమే.

గౌరి ఒట్టు నిలబెట్టుకుంది. పరుగెత్తడం మానేసింది. మీరు నమ్మరేమో. పొలం గట్ల మీద పిల్లలంతా పరుగులు పెడితే తను వెనకాల నడిచొచ్చేది. బళ్ళో ఆటల పోటీలకు పేరిచ్చేది కాదు, మిగతా పిల్లల చెప్పులకు కాపలా కూర్చునేది. ఎప్పుడైనా తెలియక రెండడుగులు వేగంగా వేస్తే అప్ప వెంటనే "ఒసే, మళ్ళీ ఉరుకు, ఆ రోజయినాది సాలనేదా నీకు" అనేది. అప్పది కోపం కాదు, బెదురు. నేను అక్కడే ఉండేవాణ్ణి. విని ఊరుకునేవాణ్ణి.

తర్వాత నాకు పెళ్ళయింది. ఒక కూతురు పుట్టింది. గౌరి అంటే దానికి ప్రాణం. వదినా, వదినా అని వెనకాలే తిరుగుతుంది. రెండేళ్ళ కిందట గౌరి సెలవులకు మా ఇంటికి వచ్చింది. అప్పటికి ఎనిమిదో తరగతి. నా భార్య వంటింట్లో గంజి వారుస్తుంటే మా పాప పొయ్యి దగ్గరికి పోబోయింది. గౌరి దాన్ని చటుక్కున ఎత్తుకుని అరుగు మీదికి తెచ్చి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మచ్చ చూపించింది. నేను అక్కడే కూర్చుని పేపరు చూస్తున్నాను.

"సూసినావా? అమ్మ సెప్పిన మాట ఇనక ఉరికినాను. అందుకే ఇలగయినాది."

మా పాప ఆ మచ్చను వేలితో ముట్టుకుని అడిగింది. "నువ్వు సెడ్డగుంటవా వదినా?"

"ఆ" అంది గౌరి, నవ్వుతూనే. "అప్పుడు సెడ్డగుంటనే."

ఆమె నవ్వుతూ చెప్పడమే నేను తట్టుకోలేకపోయాను. ఏడ్చి చెప్పినా, కసిగా చెప్పినా బహుశా ఇంకొన్నేళ్ళు నోరు మూసుకునే ఉండేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం ఆమెను బండి మీద వాళ్ళ ఊరికి దిగబెట్టడానికి బయల్దేరాను. సగం దారిలో కల్వర్టు దగ్గర బండి ఆపాను. ఎందుకాపావంది. కల్వర్టు మీద కూర్చోమన్నాను. చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. ముందూ వెనకా చేసి చెప్పి ఉంటాను. పిలిచింది నేనని, గరిటె ఎత్తింది నేనని, పోసింది నేనని, ఆసుపత్రిలో నువ్వు అడిగితే లేదన్నానని.

ఆమె నన్ను చూడలేదు. తన చేతిని చూసుకుంది.

"అయితే నాను ఉరకనేదా?"

"నేదమ్మా. నడుసుకుంటా వచ్చినావు. నాను రమ్మంటేనే వచ్చినావు."

"మళ్ళీ సెప్పు" అంది. "మొదట్నించి సెప్పు."

మళ్ళీ చెప్పాను. ఈసారి వరసగా. ఆకు ఎలా పట్టుకుందో, అమ్మ తిడుతుందని తనన్న మాట, నేనన్న మాట. లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. నేను క్షమించమని అడగలేదు. అడిగితే మళ్ళీ ఆమె చేతిలోనే ఇంకో పని పెట్టినట్టవుతుందనిపించింది.

"అమ్మకి సెప్పినావా?"

"నేదు."

"సెప్పు. నా ముందే సెప్పు."

చెప్పాను. అప్ప అరుగు మీద చేటలో బియ్యం బాగు చేస్తోంది. చెప్పడం అయ్యేదాకా చేట అలాగే పట్టుకుంది. నా మీద అరుస్తుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె నా వైపే చూడలేదు. కూతుర్ని చూసింది.

"ఇన్నేళ్ళూ దీన్ని తిట్టినాను కదరా" అంది. "రోజూ తిట్టినాను."

గౌరి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. నాకు అక్కడ చోటు లేదని తెలిసి లేచి వచ్చేశాను.

బావకు నేనే ఫోన్ చేశాను. అంతా విన్నాడు. ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత నాకు చెయ్యలేదు. అప్ప మాట్లాడుతుంది. పని ఉంటే కబురు పెడుతుంది, కూర వండితే పంపిస్తుంది. కానీ నా చెయ్యి పట్టుకోదు. గౌరి మా ఇంటికి వస్తోంది, మా పాపతో ఆడుతోంది. నాతో మునుపటంత మాట్లాడదు. ఒక్కోసారి మాత్రం ఉన్నట్టుండి ఒక చిన్న ప్రశ్న వేస్తుంది. "ఆ రోజు అమ్మ ఎంతసేపటికి వచ్చినాది?" "నాను నీళ్ళల్ల ఏటన్నాను?" నాకు గుర్తున్నది చెబుతాను. గుర్తు లేనిది లేదంటాను. అంతే. ఇదే మా ఇద్దరి మధ్య ఇప్పుడున్నది. ఇది ఎటు పోతుందో నాకు తెలియదు. ఆశ పడే హక్కు నాకుందో లేదో కూడా తెలియదు.

మిగిలింది ఊరు. ఊళ్ళో నేను ఇంకా పిల్లను కాపాడిన మనిషినే. ఇల్లిల్లూ తిరిగి చెప్పుకోలేను. అందుకే మీకు రాస్తున్నాను.

మొన్న మా ఊళ్ళో ఒక పెళ్ళి. నేను వడ్డన చేస్తున్నాను. బంతిలో గౌరి పక్కన కూర్చున్న పెద్దావిడ, ఎవరి తరఫు చుట్టమో, ఆ చెయ్యి చూసి "ఓలమ్మ, ఏటయినాదే తల్లీ ఇది?" అని అడిగింది. నేను పెరుగు బకెట్టుతో అక్కడికే వచ్చాను. గౌరి తల ఎత్తి నన్ను చూసింది. తర్వాత ఆవిడతో అంది.

"మా మావయ్య ఆడిస్తా ఆడిస్తా పాకం పోసేసినాడు."

"ఏ మావయ్యే?"

"ఈ మావయ్యే."

ఆవిడ నా మొహంలోకి చూసింది. చుట్టూ తింటున్నవాళ్ళు కూడా ఆగి చూశారు. పారిపోవాలనిపించలేదు.

"అవునమ్మా, నానే" అన్నాను.

గౌరి ఆకు ముందుకు జరిపింది. పెరుగు వడ్డించి తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్ళాను.